ఆదికాండం మొదటి మూడు అధ్యాయాల మీద ఇంటి కూడికలో ధ్యానం చెప్పాలంటే

"వచ్చే శుక్రవారం కూడిక మా ఇంట్లోనండి, వాక్యం మీరే చెప్పాలి" అనగానే చాలామంది చేయి ఆదికాండం మీదికే పోతుంది. తెలిసిన భాగమే కదా, తేలిగ్గా అయిపోతుందని ధీమా. చిక్కంతా ఆ తెలియడంలోనే ఉంది. లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చింది 1842లో. ఐదారు తరాలుగా క్రైస్తవులైన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో పిల్లలకు అక్షరాలు రాకముందే సండే స్కూల్లో బొమ్మలు చూపిస్తారు: ఎర్రటి ఆపిల్ పండు, చెట్టుకు చుట్టుకున్న పాము, ఒంటరిగా నిలబడ్డ హవ్వ. పెద్దయ్యాక బైబిలు తెరిచినా ఆ బొమ్మ కనబడుతుంది గానీ వచనం కనబడదు. ఈ మూడు అధ్యాయాల మీద పన్నెండు నిమిషాల ధ్యానం తయారు చేసుకోవడంలో సగం పని ఆ బొమ్మను పక్కన పెట్టి, రాసి ఉన్నదాన్ని చదవడమే.

ముందు భాగాలు కోసుకోండి

మూడు అధ్యాయాల్లో 31, 25, 24 వచనాలు, మొత్తం 80. కూడికకు ఒక అధ్యాయం చొప్పున పెట్టుకున్నవాళ్లు దాదాపు అందరూ పైపైన కథ చెప్పి ముగిస్తారు. పన్నెండు నిమిషాల్లో 31 వచనాలకు అంతకంటే ఏమీ చేయలేం. తొమ్మిది భాగాలు చేసుకోండి: 1:1–5, 1:6–25, 1:26–31, 2:1–3, 2:4–17, 2:18–25, 3:1–7, 3:8–13, 3:14–24.

ఏడో దినం సంగతి రెండో అధ్యాయంలో ఉన్నా అది మొదటి అధ్యాయానికి ముగింపు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, మూలంలో లేదు. దాని దగ్గర ఆగాల్సిన పని లేదు. 2:4 నుంచి చెప్పే తీరే మారుతుంది. అంతవరకు "దేవుడు" అని ఉన్నచోట అక్కడి నుంచి "దేవుడైన యెహోవా" అని వస్తుంది. ఈ తేడాను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, మూడో అధ్యాయంలో పనికొస్తుంది.

రెండో భాగంలో 20 వచనాలున్నా భయపడనక్కర్లేదు. అందులో ఒకే అచ్చు తిరిగి తిరిగి వస్తుంది. మూడు వచనాలు మాత్రమే ఉన్న నాలుగో భాగానికే ఎక్కువ తయారీ కావాలి.

జనవరి మొదటి శుక్రవారం మొదలుపెడితే ఫిబ్రవరి చివరికో మార్చి మొదటికో తొమ్మిదీ అయిపోతాయి. ఆ తర్వాత ఇంటర్, పదో తరగతి పిల్లలున్న ఇంట్లో కూడిక పెట్టమని అడగడం కష్టం. జనవరి 1న బైబిలంతా చదువుతామని మొదలుపెట్టి లేవీయకాండంలో ఆగిపోయేవాళ్లు మన సంఘాల్లో కొల్లలు. వాళ్లకు తొమ్మిది వారాల్లో 80 వచనాలంటే ఊరటగా కూడా ఉంటుంది.

నాలుగు రోజుల తయారీ

శుక్రవారం కూడికకు సోమవారమే కూర్చోండి. ఆ రోజు పని ఒక్కటే: భాగాన్ని పైకి గట్టిగా మూడుసార్లు చదవడం. మనసులో చదివితే కళ్లు తెలిసిన మాటల మీద జారిపోతాయి. నోటితో చదివితే నాలుక ఎక్కడ తడబడిందో తెలుస్తుంది. అలా తడబడ్డచోటే సాధారణంగా మనకు అర్థం కాని మాట ఉంటుంది.

మంగళవారం రూళ్ల నోటుబుక్కు తీసి ఎడమ పేజీలో వచనాలు చేత్తో రాయండి. వరసకూ వరసకూ మధ్య ఒక రూలు వదలండి, కుడి పేజీ ఖాళీగా ఉంచండి. ఫోనులోంచి కాపీ చేసి అతికించుకుంటే ఈ పని జరగదు. తర్వాత దేవుడు చేసిన ప్రతి పని కింద గీత గీయండి, మనుషులు చేసిన ప్రతి పని చుట్టూ సున్నా చుట్టండి. 3:1–7 మీద ఇలా చేసి చూడండి. సర్పాన్ని "చేసిన" అన్న ఒక్క మాట దాటితే దేవుడి పేరిట గీత గీయడానికి పనేమీ దొరకదు. ఆ ఏడు వచనాల్లో ఆయన గురించి మాట్లాడుకున్నవాళ్లే గానీ ఆయనతో మాట్లాడినవాళ్లు లేరు. ఈ ఒక్క సంగతితో ఆ వారం ధ్యానం సగం సిద్ధమైనట్టే.

బుధవారం ప్రశ్నలు. మొదటి ప్రశ్న దేవుడి గురించి ఉండాలి: ఇక్కడ ఆయన ఎలాంటివాడుగా కనబడుతున్నాడు? "ఇందులో నాకేమిటి" అన్న ప్రశ్న దానికంటే ముందు వస్తే ప్రతి భాగమూ చివరికి ఒకే నీతి దగ్గరికి పోతుంది, "కాబట్టి మనం కూడా విధేయులమై ఉందాం" అని. తొమ్మిది వారాలు అదే వింటే మూడో వారానికే యవనస్తులు వరండాలోకి జారుకుంటారు.

ఒక భాగానికి బైబిల్లో వేరేచోట నుంచి తోడు వచనం ఒక్కటి చాలు. 1:1–5కి యోహాను సువార్త మొదటి ఐదు వచనాలు, 1:26–31కి 8వ కీర్తన, 2:1–3కి మార్కు 2:27, చివరి భాగానికి ప్రకటన 22లో జీవవృక్షం. ఇంతకు మించి తిప్పితే వినేవాళ్లకు పేజీల చప్పుడే మిగులుతుంది.

గురువారం రాసుకుని, ఫోనులో టైమరు పెట్టి ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకోండి. పూర్తిగా రాసుకునే అలవాటున్నవాళ్లకు ఆరు పేజీలు మించకూడదు. ముఖ్యాంశాలే రాసుకునేవాళ్లకు ఒక పక్క చాలు. పన్నెండు నిమిషాల్లో చదవడానికి రెండు, వచనాన్ని విప్పడానికి ఆరు, మన బతుకు గురించి మూడు, చివరన నిశ్శబ్దానికి ఒకటి. మాటకోసారి "దేవునికి స్తోత్రం", "ఆమేన్ చెబుదామా" అనే అలవాటుంటే టైమరు దాన్ని బయటపెడుతుంది. పన్నెండులో రెండు నిమిషాలు వాటికే పోతాయి.

మొదటి ఐదు వచనాలు, దగ్గరగా

మొదటి వారం భాగాన్ని నమూనాగా చూద్దాం. గీతలు గీస్తే దేవుడి పనులు వరసగా ఇవి: సృజించెను, పలుకగా, చూచెను, వేరుపరచెను, పేరు పెట్టెను. మనిషి చేసిన పని ఒక్కటీ లేదు, ఎందుకంటే మనిషే లేడు. బైబిలు మొదటి పేజీలో మనకు పని లేకపోవడం దానికదే ఒక ధ్యానం. రోజంతా పరుగెత్తి ఏడున్నరకు చెమటతో వచ్చి కూర్చున్నవాళ్లకు ఆ మాట చెప్పి చూడండి.

రెండో వచనం దగ్గర ఆగండి. "దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను." ఇవాళ్టి వాడుకలో అల్లాడడమంటే ఆకలికో బాధకో విలవిల్లాడడం. వింటున్న పిల్లలకు దేవుని ఆత్మకేదో కష్టం వచ్చిందనిపిస్తుంది. హెబ్రీ మూలంలో ఉన్న క్రియ ద్వితీయోపదేశకాండము 32:11లో మళ్లీ వస్తుంది, పక్షిరాజు తన పిల్లల మీద రెక్కలాడించే చోట. తెలుగు చేసినవారు అక్కడా ఇదే మాట వేశారు. పొదిగే కోడి, గూటి మీద రెక్కలు విప్పిన గద్ద: ఇలా ఒక్క పోలిక చెప్పి సాగిపోండి. చీకటి, శూన్యం, అగాధం ఉన్నచోట ఆయన దూరంగా నిలబడలేదు, దాని మీదే ఉన్నాడు. పలకడం ఆ తర్వాత.

నాలుగో వచనంలో వెలుగు మంచిదని ఉంది. చీకటి చెడ్డదని ఉందా? చూడండి, లేదు. ఆయన చీకటిని తుడిచేయలేదు, వేరుపరచి దానికీ ఒక పేరు పెట్టాడు. ఐసీయూ బయట రాత్రులు గడిపినవాళ్లు ఆ కూడికలో తప్పకుండా ఒకరుంటారు. "చీకటి అంటే పాపం" అని గబుక్కున అనేస్తే వాళ్లకు తలుపు మూసేసినట్టే.

ఐదో వచనంలో వరస గమనించండి: "అస్తమయమును ఉదయమును". ముందు సాయంత్రం. యూదులకు ఇప్పటికీ విశ్రాంతిదినం శుక్రవారం పొద్దుగూకడంతో మొదలవుతుంది. మీ కూడిక శుక్రవారం సాయంత్రమైతే ఈ సంగతి చెప్పడానికి అంతకంటే మంచి వేళ లేదు. మనం అలసి పడుకోబోయే వేళకు బైబిలు లెక్కలో దినం మొదలవుతోంది.

ఇక తప్పకుండా వచ్చే ప్రశ్న: వెలుగు మొదటి దినాన, సూర్యుడు నాలుగో దినాన, ఇదెలా? ఇంజనీరింగు చదివే కుర్రాడు అడుగుతాడు, అడగాలి కూడా. దినం అంటే ఇరవై నాలుగు గంటలా, యుగమా అన్న వాదంలో దిగితే పన్నెండు నిమిషాలూ హరించుకుపోతాయి. విశ్వాసుల్లోనే దాని మీద రెండు మూడు అభిప్రాయాలున్నాయని ఒక వాక్యంలో ఒప్పుకోండి. తర్వాత వచనం ఏం చేస్తోందో చూపించండి: 1:16లో సూర్యుడు, చంద్రుడు అన్న పేర్లే లేవు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అంతే. చుట్టుపక్కల జనాలు దేవుళ్లుగా కొలిచినవాటిని దీపాలని మాత్రమే పిలిచిన రచన ఇది. అయితే అపార్టుమెంటులో పక్క ఫ్లాటు హిందూ కుటుంబం మర్యాదకు వచ్చి కూర్చుని ఉండగా దీన్ని ఎత్తిపొడుపుగా వాడకండి. అది ధ్యానం అనిపించుకోదు, ఇల్లుగలవాళ్లకు మర్నాడు లిఫ్టులో ముఖం చెల్లదు.

లెక్కపెట్టడం కూడా ధ్యానమే

రెండో భాగానికి విప్పి చెప్పడం కంటే లెక్కించడం బాగా పనిచేస్తుంది. పిల్లలకు తలా ఒక పని ఇవ్వండి. ఒకరు దేవుడు మాట్లాడిన సందర్భాలు లెక్కపెట్టాలి: మొదటి అధ్యాయమంతటా పది. ఇంకొకరు "మంచిది": ఏడు. ఏ దినాన ఆ మాట లేదో కనిపెట్టమనండి. రెండో దినాన లేదు, మూడో దినాన రెండుసార్లు ఉంది. నీళ్లను పైకీ కిందకీ వేరు చేసిన పని మూడో దినాన ఆరిన నేల కనబడేదాకా పూర్తి కాలేదని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. సగం అయిన పనికి ఆయన మంచిదనలేదన్నమాట.

దినాలను మూడేసి చొప్పున ఎదురెదురుగా రాస్తే ఇంకోటి కనబడుతుంది: మొదటి దినం వెలుగు, నాలుగో దినం జ్యోతులు; రెండో దినం ఆకాశం, జలాలు, ఐదో దినం పక్షులు, చేపలు; మూడో దినం నేల, ఆరో దినం జంతువులు, మనిషి. ముందు ఇల్లు, తర్వాత ఇంట్లో ఉండేవాళ్లు. ఇది చార్టు మీద గీసి గోడకు అంటించండి, నోటితో చెబితే సగం మందికి ఎక్కదు.

1:26లో "స్వరూపము" అన్న మాటకు విజయవాడలోనే ఉదాహరణ ఉంది, ఏ సెంటరుకు వెళ్లినా ఒక విగ్రహం. ప్రాచీన రాజులు తాము స్వయంగా ఉండలేని దూరప్రాంతాల్లో తమ ప్రతిమ నిలబెట్టి, ఈ నేల మాది అని చెప్పుకునేవారు. హెబ్రీలో ఇక్కడున్న మాట ప్రతిమలకు వాడే మాటే. ఆ ఘనత ఇక్కడ ఏ చక్రవర్తికో కాక నరులందరికీ, స్త్రీకీ పురుషునికీ దక్కింది. కూడిక అయ్యాక గ్లాసులు కడిగే పనిమనిషికి కూడా. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ వంటింట్లో ఉంటే ముందు గదిలోకి పిలిచి కూర్చోబెట్టండి.

2:1–3 విశ్రాంతి గురించి. మిగతా ఆరు దినాలకూ ఉన్న "అస్తమయమును ఉదయమును" ఏడో దినానికి లేదు, గమనించి చెప్పండి. మనిషి ఆరో దినాన కలిగాడు, అతని మొదటి పూర్తి దినం సెలవుదినం. పని చేసి అలిసి విశ్రాంతి సంపాదించుకోలేదు, విశ్రాంతి చూశాకే పనిలోకి దిగాడు. ఇక్కడ జరిగే పొరపాటు ఆదివారం కొట్టు తెరిచేవాళ్లను తిట్టడం. విజయవాడ వన్‌టౌన్‌లో గుమాస్తాగానో గుంటూరు పట్నంబజారులో ముఠా పనికో పోయేవాడికి సెలవు తన చేతిలో ఉండదు. యజమాని కూడా కూడికలో ఉంటే మాట అతనివైపు తిరగాలి.

పాత తెలుగు మాటల దగ్గర జాగ్రత్త

చదవడానికి సంఘంలో వాడే పాత అనువాదమే పట్టుకోండి. పెద్దవాళ్లకు అది నోటికి వచ్చు, వేరేది చదివితే చెవి మొరాయిస్తుంది. వివరించడానికి మాత్రం మీ ఇంట్లో మాట్లాడే తెలుగు వాడండి. ఇంట్లో "వచ్చాడు" అనే మనిషి వాక్యం చెప్పేటప్పుడు "వచ్చియున్నాడు ప్రియులారా" అని గొంతు మార్చితే వినేవాళ్లు దూరమైపోతారు.

"నారి" దగ్గర ఆగితీరాలి. "ఇది నరునిలో నుండి తీయబడెను గనుక నారి అనబడును" (2:23). హెబ్రీలో ఈష్, ఈష్షా అన్న మాటల జత అది. తెలుగులో నరుడు, నారి అని అంతే చక్కగా కుదిరింది. ఇలా అన్నిచోట్లా కుదరలేదు. ఆదాము, అదామా (నేల) అన్న జత తెలుగులో పోయింది, కాబట్టి 2:7 చెప్పేటప్పుడు "మట్టివాడు మట్టిలోంచి" అని మీరే అందించాలి. అక్కడ "నిర్మించి" అన్నది కుమ్మరి పనికి వాడే క్రియ. దేవుడు పలికి కాక చేతులు మట్టి చేసుకుని చేశాడన్నమాట.

"సాటియైన సహాయము" (2:18) మీద మన కూడికల్లో జరిగినంత అన్యాయం ఇంకే మాట మీదా జరగలేదనుకోవచ్చు. సహాయం అనగానే వంటకు, పిల్లలకు అని అర్థం తీసి అక్కచెల్లెళ్లకు పాఠం చెబుతారు. 121వ కీర్తన తెరవండి: "యెహోవావలననే నాకు సహాయము కలుగును ఆయన భూమ్యాకాశములను సృజించినవాడు." రెండుచోట్లా హెబ్రీ మాట ఒకే మూలంలోంచి వచ్చింది. దేవుడికి తగిన మాట భార్యకు తక్కువదెలా అవుతుంది? "సాటి" అన్న రెండక్షరాల మీద కూడా వేలు పెట్టి చూపించండి. దంపతుల కూడికైతే ఆ వారానికి ఈ రెండు మాటలే చాలు.

"ప్రక్కటెముక" దగ్గర, మగవాళ్లకు ఒక ఎముక తక్కువ ఉంటుందని ఎవరో ఒకరు అంటారు. ఉండదు. ఇద్దరికీ పన్నెండు జతలే. నవ్వి సాగిపోండి.

"కచ్చడములు" (3:7) అంటే గోచీలాంటి నడుం గుడ్డలు, పిల్లలకు చెప్పాలి. అంజూరపు ఆకు గరుకు, పాలు ఒంటికి తగిలితే దురద. సిగ్గు కప్పుకోవడానికి వాళ్లు ఎంచుకున్నది దాన్నే.

2:10–14లో నది నాలుగు పాయలైన సంగతి పిల్లలకు చెప్పాలంటే విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గరికి తీసుకెళ్లండి: కృష్ణ నీళ్లు అక్కడి నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ అని విడిపోయి ఊళ్లు తడుపుతాయి. ఏదెను ఎక్కడుందో మ్యాపులో వెతకడం మాత్రం మొదలుపెట్టకండి. హిద్దెకెలు అంటే టైగ్రిసు, యూఫ్రటీసు మనకు తెలిసిందే, మిగతా రెండింటి మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు. చెప్పాల్సింది ఒక్కటే, తోటకిచ్చిన నీళ్లు తోటలోనే ఆగిపోలేదు.

మూడో అధ్యాయం: లేనిది చేర్చకుండా

ముందు నాలుగు సంగతులు మీకు మీరు సరిచూసుకోండి. ఆపిల్ అని ఎక్కడా లేదు, "మంచి చెడ్డల తెలివినిచ్చు వృక్షము" అనే ఉంది. సర్పమే సాతానని ఆదికాండం చెప్పదు, "ఆదిసర్పము" అని ఆ ముడి వేసింది ప్రకటన 12:9. హవ్వ ఒంటరిగా లేదు: "తనతోపాటు తన భర్తకును ఇచ్చెను". హెబ్రీలో ఆమెతో ఉన్న భర్త అనే అర్థం ఇంకా స్పష్టం. అంతసేపూ అతను నోరు మెదపలేదు. నాలుగోది ముఖ్యం. శాపం అన్న మాట సర్పానికి ఉంది, నేలకు ఉంది. స్త్రీకి గానీ పురుషునికి గానీ ఆ మాట లేదు. వాళ్లకు చెప్పింది ప్రయాస, వేదన. "స్త్రీ జాతి శాపగ్రస్తం" అని వాక్యం పేరు చెప్పి అనేవాళ్లకు 3:16 తెరిచి ఆ మాట చూపించమని అడగండి.

ఇప్పుడు 2:16–17నూ 3:2–3నూ నోటుబుక్కులో పక్కపక్కన రాయండి. దేవుడన్నది "ప్రతి వృక్షఫలమును నీవు నిరభ్యంతరముగా తినవచ్చును". స్త్రీ సర్పంతో అన్నది "ఈ తోట చెట్ల ఫలములను మేము తినవచ్చును". "ప్రతి" పోయింది, "నిరభ్యంతరముగా" పోయింది. ఆయన "తినకూడదు" అంటే ఆమె "ముట్టకూడదనియు" కలిపింది. ఆయన "నిశ్చయముగా చచ్చెదవు" అంటే ఆ నిశ్చయమూ జారిపోయింది. ఇచ్చినది తగ్గింది, వద్దన్నది పెరిగింది. ఆజ్ఞ ఇచ్చినప్పుడు స్త్రీ ఇంకా కలగలేదు కాబట్టి ఆ మాట ఆమెకు ఎలా చేరిందో మనం ఊహించుకోవాల్సిందే. తప్పంతా ఆమె మీద వేసే ముందు ఇది గుర్తుండాలి. పెన్సిలు గుర్తులు కూడా ఇప్పుడు చూడండి. సర్పం "దేవుడు" అంటుంది, "దేవుడైన యెహోవా" అనదు. స్త్రీ కూడా అదే మాట అందుకుంది. దగ్గరి పేరు పోయి దూరపు పేరు మిగిలింది.

3:9 చదివే గొంతు విషయంలో చాలామంది పొరపడతారు. "నీవు ఎక్కడ ఉన్నావు" అన్నదాన్ని మైకులో స్టేషను ఎస్సై గదమాయించినట్టు చదువుతారు. ముందు వచనంలో వేళ ఉంది: "చల్లపూటను". మే నెల గుంటూరులో చల్లపూట అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. పొద్దు వాలాక, గాలి తిరిగాక, ఆరుబయట మంచం వేసుకునే వేళ. ఆ వేళ వీధిలో ఆడుకునే బిడ్డను అమ్మ ఎలా పిలుస్తుందో అలా ఒకసారి చదివి, తర్వాత ముప్పై సెకన్లు ఏమీ మాట్లాడకండి. కీబోర్డు వాయించే తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఖాళీ కనబడగానే మెల్లగా శ్రుతి అందుకుంటాడు. నిశ్శబ్దం మొదట ఇబ్బందిగా ఉంటుంది. ఇరవై సెకన్లకు ఎవరో దగ్గుతారు. ఆగండి.

3:9–13లో దేవుడి ప్రశ్నలు నాలుగు, అన్నీ మనుషులకే. సర్పాన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, నేరుగా తీర్పు. ఇంటి దాకా వచ్చి అడుగుతున్నాడంటే ఇంకా మాట మిగిలి ఉందన్నమాట.

ఎవరి ఇంట్లో ఏది ఆపాలి

3:17–19 మిరప రైతు ఇంట్లో చెప్పేటప్పుడు నాలుక అదుపులో ఉండాలి. "ముండ్ల తుప్పలను గచ్చపొదలను" అన్నది వాళ్లకు మనకంటే బాగా తెలుసు. గచ్చకాయలాడిన పెద్దవాళ్లకు ఆ పొద ముళ్లు కొక్కేల్లా ఎలా పట్టేస్తాయో కూడా తెలుసు. 2021లో నల్ల తామర పురుగు పూతంతా తినేసినప్పుడు అప్పుల్లో పడ్డవాళ్ల ముందు "నేల శపింపబడియున్నది" అని చదివి వదిలేస్తే, నీ పాపానికే నీ పంట పోయింది అన్నట్టు వినబడుతుంది. వచనం అది చెప్పడం లేదు. ఆదాము సంతతి అందరికీ చెమట ఉంది, ఫలానా రైతుకు ఫలానా తెగులు ఫలానా తప్పుకని లేదు.

3:16 చదివే ముందు ఆ ఇంట్లో గర్భం పోయినవాళ్లో, పిల్లలు లేనివాళ్లో ఉన్నారేమో ఇల్లుగల అక్కను విడిగా అడగండి. ఉంటే ఆ వచనం చదవండి, కానీ దాని మీద వ్యాఖ్యానం వద్దు. ఈ వరసలో ముందుకు పోయి నోవహు దాకా చెప్పాలనుకుంటే విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో ఇంకా జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇళ్లలో నిలిచినవాళ్లకు జలప్రళయం సండే స్కూలు ఫ్లానెల్ బొమ్మల కథ కాదు.

భస్మ బుధవారం ఈ వరస మధ్యలో పడితే (కతోలిక కుటుంబాల్లో విభూది బుధవారం అంటారు) 3:19ని ఆ రోజుకు జరపండి. "నీవు మన్నే" అన్న మాటకు ఏడాదిలో అంతకంటే తగిన రోజు లేదు. దాని పక్కనే 3:20 కూడా చదవండి, చాలామంది వదిలేస్తారు. మట్టికి తిరిగిపోతావన్న మాట విన్న వెంటనే ఆదాము చేసిన పని భార్యకు పేరు పెట్టడం: హవ్వ, జీవముగల ప్రతివానికి తల్లి. మరణం మాట విని జీవం అని పేరు పెట్టాడు. ఆ తర్వాతే 3:21, చర్మపు చొక్కాయిలు. వరస తప్పకుండా చెప్పండి: తీర్పు, బట్టలు, ఆ తర్వాత బయటికి పంపడం. బట్టలు తొడిగించకుండా పంపలేదు. ఆ చర్మాన్ని బలిగా, క్రీస్తుకు గుర్తుగా సంఘం చాలాకాలంగా ధ్యానించింది. మీరూ చెప్పవచ్చు. వచనంలో బలి అన్న మాట లేదని మాత్రం దాచకండి.

చివరి వచనంలో "కాచుటకు" అన్న మాట కింద గీత గీయండి. కెరూబులు (దేవదూతలు) జీవవృక్షపు దారిని కాస్తున్నారు. ఆ పని మొదట ఎవరిది? 2:15 చూడండి, తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" నరుణ్ని పెట్టాడు. అతని చేతిలోంచి జారిన పని ఇప్పుడు ఖడ్గజ్వాలకు పోయింది. హెబ్రీలోనూ రెండుచోట్లా ఒకే క్రియ. అది మూడోసారి 4:9లో వస్తుంది, "నా తమ్మునికి నేను కావలివాడనా" అని కయీను నోట. పదో వారం కూడా రమ్మని పిలిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి. నాలుగో అధ్యాయం 26 వచనాలు, భాగాలు రెండు: 1–16, 17–26.